కుప్ప ధర

ఫొటోలో ఆరున్నాయి.
నారింజ రంగు లైఫ్ జాకెట్లు,
కాన్వెంట్ జంక్షన్‌లో మా కొట్టు ముందు
తాడు మీద ఆరేసి తీసిన ఫొటో.
కింద రాశాను: ఉన్నవి ఆరు,
మొదటి పాట నాలుగు వందలు.
ఒక్కొక్కటికి అని కూడా రాశాను,
‘మరింత చదవండి’ నొక్కితే
కనబడే చోట.

నాలుగు రోజులు నడిచింది పాట.
గాజువాక నుంచి ఒకడు,
భీమిలి రిసార్టు వాడొకడు
పదకొండు వందల దగ్గర చేతులెత్తేశారు.
ఆఖరి నిమిషంలో రత్నం77 అని ఎవరో
పైన యాభై వేసి
ఆరూ నాకే అన్నారు.
పదకొండు వందల యాభై, ఆరుసార్లు:
ఆరువేల తొమ్మిది వందలు.
ఆ రాత్రి మా ఇంట్లో
ఫ్రిజ్ గురించి మాట్లాడుకున్నాం.

బిల్లు పంపితే
జవాబుగా ఒక చుక్క వచ్చింది.
ఐదు చుక్కల్లో ఒక్కటి,
పక్కన ‘దొంగబేరం’.
నేనూ ఊరుకోలేదు.
చదవడం రానివాళ్లకి పాటలెందుకని రాశాను.
రెండుసార్లు చదువుకుని మరీ
పంపాను.

మర్నాడు ఎండెక్కాక ఒక ఆటో ఆగింది.
ముందు మంచుగడ్డల వాసన దిగింది,
తర్వాత మనిషి.
“ఏటి బావూ, సదువు రాదన్నది నువ్వేనా?”

సూరాడ నూకరత్నం.
ఫిషింగ్ హార్బర్లో ఇరవై రెండేళ్లుగా
చేపల పాట పాడించే మనిషి.
కొంగు ముడి విప్పి
పదకొండు వందలూ, మీద యాభై
గల్లాపెట్టె మీద పెట్టింది.
నోట్లు ఇంకా చల్లగా ఉన్నాయి.
“కుప్ప సూపించినావు.
కుప్పకి పాడినాను.”

ఫోన్ తీసి ఆ మాట మీద వేలు పెట్టాను.
పెదాలు కదుపుతూ చదివింది,
తొందర పడకుండా.
“ఉంది” అంది.
“గానీ బావూ, జెట్టీ మీద కానాగంతలు కుప్ప పోసి,
పాట తెగినాక, కొన్నోడితో
ఇది ఒక్క సేప రేటని సెప్పితే
నన్ను నీటిలోకి తోసెయ్యరా?”

ఆరూ ఎందుకు, రెండు తీసుకోమన్నాను.
నా వైపు ఒక చూపు చూసింది.
“మా తమ్ముడి బోటులో ఆరుగురు.
ఏ ఇద్దరికి కట్టమంటావు?
పేర్లు సెప్పు, కడతాను.”

ఒక్కో జాకెట్టూ తీసి
భుజానికున్న ఈల ఊదింది.
నాలుగు పలికాయి. రెండింట్లో ఉప్పు.
జంక్షన్లో ఒక బస్సు అనవసరంగా ఆగింది.

ఊదడం అయ్యాక అడిగింది:
“నువ్వెలగ కొన్నావు ఇవి?”

అబద్ధం చెప్పేవాణ్నే.
కానీ ఆవిడ కళ్లప్పటికే
గోడ మేకుకి గుచ్చిన రసీదు మీదున్నాయి.
పోర్టు తుక్కు వేలం,
తెగిన మోకులు, చిట్లిన హెల్మెట్లు,
టార్పాలిన్ కింద ఏముందో నేను చూడనేలేదు.
లాటు ఒకటి, అని ఉంది దాని మీద.
అదీ చదివింది.
అంతే నెమ్మదిగా.

టీ తెప్పించాను.
అరగంట ఎవరి అంకె మీద వాళ్లం కూచున్నాం,
ఒకళ్ల అంకె దిగితే ఇంకొకళ్లది ఎక్కడానికి.
ఎంతకి తెగిందో చెప్పను.
ఫ్రిజ్ రాలేదు.
ఆరింటినీ ఒకే తాడుతో కట్టి
మూట నెత్తిన పెట్టుకుంది.
వెళ్తూ వెళ్తూ, ఆ చుక్క తీసేత్తానంది.
ఎలా తియ్యాలో తనకీ తెలీలేదు,
నాకూ తెలీలేదు. అలాగే ఉంది.

మొన్న ఆదివారం, మబ్బు పట్టిన పొద్దున
బీచ్‌లో నిలబడ్డాను.
డాల్ఫిన్స్ నోస్ దాటి ఒక బోటు పోతోంది.
వాళ్లదే కావచ్చు, కాకపోవచ్చు.
లెక్కపెట్టబోయాను.
అంత దూరానికి ఆరు లేవు,
నారింజ రంగు మరక
ఒకటే.

ఇప్పుడు ఒక్కొక్కటికి అన్న మాట
అన్నిటికంటే పైన, లావు అక్షరాలతో రాస్తున్నాను.
నిన్న రబ్బరు చేతి తొడుగులు పెట్టాను.
రాత్రి పదింటికి కంచరపాలెం నుంచి ఎవరో అడిగారు:
ఒక్కొక్కటి అంటే
ఒక చెయ్యా, రెండు చేతులా?